కలెక్షన్ పక్కన పెట్టండి, ఒక్క డ్రెస్‌తో మొదలుపెట్టండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. నాలుగేళ్లు సొంత లేబుల్ నడిపారు, ఆడవాళ్ల డ్రెస్సులూ, పైన వేసుకునే కోటు జాకెట్లూ. చూసినవాళ్లంతా బాగున్నాయన్నారు, కొన్ని దుకాణాలు ఆర్డర్లు కూడా ఇచ్చాయి, అయినా మూసేయక తప్పలేదు. అమ్ముడుపోని సరుకు అట్టపెట్టెల్లో ఉంది, కుట్టిన యూనిట్‌కి కొంత బాకీ మిగిలింది. రెండేళ్లుగా ఉద్యోగం చేసుకుంటున్నారు. ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టాలనుంది, ఈసారి పన్నెండు డిజైన్ల కలెక్షన్‌తో గట్టిగా దిగాలని. ఒకాయన పెట్టుబడి పెడతానంటున్నాడు. పాత పేరే వాడాలా, ఉద్యోగం ఎప్పుడు మానేయాలి, నలభై రెండేళ్లకి ఇవన్నీ అవసరమా అని అడిగారు.

నేను డిజైనర్ని కాదు, ముందే చెప్తున్నా. చిన్న లేబుల్స్‌కి పాటర్న్‌లు (బట్ట కత్తిరించే కాగితపు నమూనాలు) సరిచూడటం, కాస్టింగ్ (ఒక్కో డ్రెస్‌కి అయ్యే ఖర్చు లెక్క) వేయడం, యూనిట్లతో మాట్లాడి పని చేయించడం, చాలా ఏళ్లుగా ఇదే నా పని. తెరిచినవాళ్లనీ చూశాను, మూసినవాళ్లనీ చూశాను, మూసి మళ్లీ తెరిచినవాళ్లనీ చూశాను. కాబట్టి నా దగ్గర ధైర్యవచనాలు తక్కువ, లెక్కలు ఎక్కువ.

వయసు సంగతి ముందు తేల్చేద్దాం, దానికి ఎక్కువ సేపు అక్కర్లేదు. అమెరికన్ డిజైనర్ వెరా వాంగ్ వోగ్ ఫ్యాషన్ పత్రికలో పదిహేనేళ్లకు పైగా పనిచేసి, ఆ తర్వాత రాల్ఫ్ లారెన్ దగ్గర చేసి, 1990లో పెళ్లి గౌన్ల దుకాణం తెరిచేసరికి నలభై వచ్చేశాయి. ఫ్రెంచ్ డిజైనర్ కోకో షనెల్ 1939లో యుద్ధం రాగానే దుస్తుల వ్యాపారం మూసేసి 1954లో మళ్లీ తెరిచింది, అప్పటికి ఆమెకి డెబ్బై. ఆ మొదటి షోని పారిస్ పత్రికలు ఏకిపారేశాయి, అమెరికా వాళ్లు మాత్రం ఆదరించారు, ఆ సూట్లు నిలబడ్డాయి. ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఒక ముక్క వదిలేస్తారు: మూసి ఉన్న ఆ పదిహేనేళ్లూ ఆమె పేరు మీద సెంటు అమ్ముడవుతూనే ఉంది, రెండోసారి తెరవడానికి డబ్బు పెట్టింది ఆ సెంటు కంపెనీని నడిపిన వెర్ట్‌హైమర్ కుటుంబమే. వయసు అడ్డు రాలేదు నిజమే, కానీ షో బాగా ఆడకపోయినా తర్వాతి షోకి డబ్బు వచ్చే దారి ఆమెకి ఉంది. మీకు ఆ దారి ఏదో చూసుకుందాం, నలభై రెండు గురించి టెన్షన్ పడటం ఇక్కడితో ఆపేయండి.

లేబుల్ మూతపడటానికి కారణం "మార్కెట్‌కి నా డిజైన్లు అర్థం కాలేదు" అని రాశారు. నాకు అలా అనిపించలేదు. మీరిచ్చిన వివరాల్లోనే వేరే కారణం కనిపిస్తోంది: సీజన్‌కి ఇరవై దాకా డిజైన్లు, సగానికి పైగా సరుకు దుకాణాలకి గడువు మీద, అంటే డబ్బు తర్వాత తీసుకునేలా, ఇవ్వడం, మూడో ఏడాదిలో ఆర్డర్లు పెరగడం, ఆ ఆర్డర్ల కోసమే అప్పు తేవడం. ఇది డిజైన్ సమస్య అయితే ఆర్డర్లు పెరగవు కదా.

డబ్బు ఎలా తిరిగిందో ఒకసారి గుర్తు చేసుకోండి. పెద్ద ఫ్యాషన్ క్యాలెండర్‌లో సెప్టెంబరులో చూపించేది వచ్చే వేసవి బట్టలు. అంటే బట్ట ఎంచుకోవడం, శాంపిల్స్ కుట్టించడం దానికి చాలా నెలల ముందే మొదలవ్వాలి, ఆ ఖర్చంతా మీదే. షో అయ్యాక ఆర్డర్లు ఖాయమవుతాయి, అప్పుడు బట్టకీ కుట్టుకీ డబ్బు కట్టాలి. సరుకు దుకాణానికి చేరేది జనవరి నుంచి మార్చి మధ్యలో. దుకాణం ముప్పై రోజులో అరవై రోజులో గడువు పెడుతుంది, అది తొంభై అయినా చిన్నవాడు గట్టిగా అడగలేడు. మీ చేతికి డబ్బు వచ్చేసరికి ఏప్రిల్, మే. కానీ ఫిబ్రవరి, మార్చిలోనే మీరు చలికాలం కలెక్షన్ చూపించేసి ఉండాలి, దాని బట్ట కొని ఉండాలి. ఎప్పుడు చూసినా రెండు సీజన్ల డబ్బు మీ జేబులోంచి బయటే తిరుగుతుంటుంది, అమ్మకాలు పెరిగేకొద్దీ బయట తిరిగే డబ్బూ పెరుగుతుంది. అందుకే ఆర్డర్లు దండిగా వచ్చిన ఏడాదే లేబుల్ మూతపడటం ఈ రంగంలో వింతేమీ కాదు. ఫ్రెంచ్ డిజైనర్ క్రిస్టియన్ లక్రోవా ఫ్యాషన్ హౌస్ 1987లో మొదలైంది, ఆయన చేతి పనిని పొగడనివాళ్లు లేరు, అయినా 2009లో దివాలా దాకా వెళ్లి దుస్తుల తయారీ ఆగిపోయింది. ఆయన ఆ తర్వాత ఒపెరాలకి, నాటకాలకి కాస్ట్యూమ్స్ చేసుకుంటూ హాయిగా కొనసాగాడు. అదొక దారి అని మీ చెవిన వేయడానికే ఇది చెప్తున్నా. సొంత లేబుల్ మళ్లీ పెట్టడం ఒక్కటే మళ్లీ మొదలుపెట్టడం అని ఎవరూ రాసిపెట్టలేదు.

అయినా లేబులే కావాలంటున్నారు, సరే. అలాంటప్పుడు పన్నెండు డిజైన్ల మాట వదిలేయండి. పన్నెండు చిన్న అంకెలా కనిపిస్తుంది, కాగితం మీద పెట్టి చూడండి: పన్నెండు డిజైన్లు, ఒక్కోటి మూడు రంగుల్లో, ఐదు సైజుల్లో అంటే 180 రకాలు. రకానికి నాలుగే ముక్కలు కుట్టించినా 720. అందులో మధ్య సైజులు మొదటి నెలలోనే అయిపోతాయి, అటు చివరవీ ఇటు చివరవీ మిగిలిపోతాయి, కొనేవాళ్లు వచ్చి తమ సైజు లేదని వెళ్లిపోతుంటారు, మీ అట్టపెట్టెలేమో నిండుగానే ఉంటాయి. ఇప్పుడు మీ దగ్గర మిగిలిన సరుకు తీసి చూడండి, ఏ సైజులున్నాయో. నా మాట అబద్ధమైతే చెప్పండి. ఇక పన్నెండు డిజైన్లకీ పాటర్న్ చేయించాలి, ఒక్కోదానికి రెండు మూడు శాంపిల్స్ కావాలి, సైజుల గ్రేడింగ్ (ఒక పాటర్న్‌ని అన్ని సైజులకీ మార్చడం), జిప్పులు, బొత్తాలు, లైనింగ్, ఫొటోలు, అన్నీ పన్నెండు సార్లు. ఇంత చేశాక అమ్మకాల్లో పెద్ద భాగం తెచ్చేది రెండు మూడు డిజైన్లే. మిగతావి వాటికి తోడుగా నిలబడటానికి వస్తాయి.

అందుకే ఒక్కటి. ఒక్క డ్రెస్సో, ఒక్క జాకెట్టో. రెండు రంగులు, కానీ సైజులు మాత్రం మీకు చేతనైనన్ని. డిజైన్లు తగ్గించి సైజులు పెంచమంటున్నాను, చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

"ఒక్కదాంతో లేబుల్ అంటారా దాన్ని" అని మీకు అనిపించొచ్చు. డిజైనర్ డయాన్ వాన్ ఫర్‌స్టన్‌బర్గ్ సంగతి చూడండి. 1974లో ఆమె తెచ్చిన రాప్ డ్రెస్, అదే ముందు వైపు చుట్టి నడుముకి కట్టుకునే జెర్సీ డ్రెస్, రెండేళ్లలో పది లక్షలకు పైగా అమ్ముడైంది. తర్వాత మార్కెట్ నిండిపోయింది, సరుకు పేరుకుపోయింది, వ్యాపారం ముక్కలు ముక్కలుగా చేతులు మారింది, లైసెన్సులు తీసుకున్నవాళ్లు ఆ పేరు దేనిమీద పడితే దానిమీద వేసేశారు. మళ్లీ ఎలా వచ్చింది? 1992లో టీవీ షాపింగ్ చానల్ క్యూవీసీలో పట్టు బట్టలు అమ్మింది. అప్పట్లో పేరున్న డిజైనర్లు టీవీలో అమ్మడం అంటే నామోషీ. ఆమె ఆ నామోషీని పట్టించుకోలేదు, అక్కడ సరుకు చూపించిన వెంటనే అమ్ముడవుతుందో లేదో తెలిసిపోతుంది, డబ్బు కోసం ఆరు నెలలు ఆగక్కర్లేదు. ఆ తర్వాత, పాత బట్టల దుకాణాల్లో కుర్రపిల్లలు తన పాత రాప్ డ్రెస్సులు వెతుక్కుని కొనుక్కుంటున్నారని గమనించి, 1997లో దాన్నే మళ్లీ తెచ్చింది. కొత్త కలెక్షన్‌తో రాలేదు. జనం అప్పటికే వెతుక్కుంటున్న వస్తువుతో వచ్చింది.

మీ దగ్గర అలాంటిది ఏదో మీకు తెలియదు, నాకూ తెలియదు, కానీ మీ పాత ఆర్డర్ల పుస్తకానికి తెలుసు. అందులో రెండుసార్లు కొన్నవాళ్ల పేర్లు తీయండి. ఒక్కసారి కొన్నవాళ్లు ఇప్పుడక్కర్లేదు, స్నేహితులూ చుట్టాలూ అసలే వద్దు, వాళ్లు మొహమాటానికి కొంటారు. రెండోసారి డబ్బు పెట్టినవాళ్లకి ఫోన్ చేయండి. "ఈసారి ఏం తెమ్మంటారు" అని మాత్రం అడగొద్దు, ఆ ప్రశ్నకి అందరూ తోచింది చెప్తారు, చెప్పింది ఎవరూ కొనరు. అడగాల్సింది: నా దగ్గర కొన్నవాటిలో ఇంకా బీరువాలో ఉన్నవేవి, ఆఖరిసారి ఎప్పుడు వేసుకున్నారు, ఎక్కడికి వేసుకున్నారు, ఉతికాక ఎలా అయింది, వేసుకోవడం మానేస్తే ఎందుకు మానేశారు. జవాబులు మీకు నచ్చకపోవచ్చు. మీరు ప్రాణం పెట్టి చేసిన జాకెట్ గురించి ఎవరూ ఎత్తకపోవచ్చు, ఏదో సీజన్‌లో సంఖ్య నింపడానికి చేసిన జేబుల డ్రెస్సు గురించి నలుగురు చెప్పొచ్చు. అప్పుడు ఆ జేబుల డ్రెస్సే చేయాలి, మొహం ముడుచుకోకుండా.

తిరిగొచ్చిన సరుకు కూడా చూడండి. ఇది నా పనికి దగ్గర విషయం కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. చేతులున్న డ్రెస్సుల మీద తరచుగా వచ్చే ఫిర్యాదు "భుజాల దగ్గర పట్టేస్తోంది, చెయ్యి లేపలేకపోతున్నా" అని. ఇది వినగానే చాలా చోట్ల చేసే పని ఆర్మ్‌హోల్‌ని, అంటే చెయ్యి ముక్క అతికే గుండ్రటి కోతని, కిందికి తవ్వడం, చంక కింద చోటు పెరుగుతుంది కదా అని. వేసుకుని నిలబడితే హాయిగానే ఉంటుంది, కానీ చెయ్యి పైకెత్తగానే డ్రెస్ మొత్తం చేతితో పాటు లేస్తుంది, నడుము కుట్టు పక్కటెముకల మీదకి వస్తుంది. ఆర్మ్‌హోల్ ఎంత కిందికి పోతే చెయ్యి అంత ఎక్కువగా బట్టని లాగుతుంది. చేయాల్సింది దానికి ఎదురు పని: ఆర్మ్‌హోల్‌ని చంకకి దగ్గరగా, ఒక సెంటీమీటరో ఒకటిన్నరో పైకి తేవాలి, స్లీవ్ క్యాప్ (చెయ్యి ముక్క పైనుండే గుండ్రటి భాగం) ఎత్తు తగ్గించి, స్లీవ్‌ని జబ్బ దగ్గర వెడల్పు చేయాలి, వెనక భాగంలో భుజాల మధ్య కొంచెం వదులు ఇవ్వాలి. శాంపిల్ వేసుకున్న మనిషిని అద్దం ముందు నిలబెట్టి చూస్తే ఇది దొరకదు. పై అరలో ఉన్న వస్తువు తీయమనండి, కూర్చోమనండి, స్టీరింగ్ పట్టుకున్నట్టు చేతులు చాపమనండి. పన్నెండు డిజైన్లకి ఇంత ఓపిక ఎవరికీ ఉండదు. ఒక్కదానికి అయితే నాలుగైదు శాంపిల్స్ దాకా వెళ్లొచ్చు, చిన్న, పెద్ద, మధ్య సైజుల్లో నిజమైన మనుషుల మీద చూడొచ్చు, కుట్టిన దాన్ని ఐదారు సార్లు ఉతికి చూడొచ్చు. ముందే కుదించని కాటన్ ఉతికితే నూటికి మూడు నుంచి ఐదు దాకా కురచ అవుతుంది, నూరు సెంటీమీటర్ల డ్రెస్ మీద అది మోకాలి పైకీ కిందికీ ఉన్న తేడా. ఒక్క వస్తువుతో వచ్చే అసలు లాభం ఇక్కడ ఉంది, పెద్ద కంపెనీ కూడా ఒక్క డ్రెస్ మీద ఇంత సమయం పెట్టదు.

ఇప్పుడు ధర. మీరు పాతవాటికి "బట్ట, కూలి కలిపి దానికి రెట్టింపు" వేశానని రాశారు, అదే దుకాణాలకీ ఇచ్చారు, అదే నేరుగానూ అమ్మారు. ఈ లెక్కతో నాలుగేళ్లు ఎలా లాగారో గానీ, మెచ్చుకోవాలి. ముందు ఖర్చు అంటే ఏంటో సరిగ్గా రాసుకోండి. డ్రెస్‌కి పట్టే బట్ట అంటే పాటర్న్ ముక్కల విస్తీర్ణం మాత్రమే అనుకోవద్దు, కత్తిరింపులో పది పదిహేను శాతం, కొన్ని ఆకారాలకి ఇంకా ఎక్కువే, తుంటలుగా పోతుంది. చారలూ గళ్లూ కలవాలంటే ఇంకొంచెం పోతుంది. లైనింగ్, ఫ్యూజింగ్ (కాలర్ లాంటి చోట్ల లోపల అతికించే గట్టి బట్ట), జిప్పు, దారం, లేబుల్, ఇస్త్రీ, చెకింగ్, పాడైన ముక్కలు, కవరు, పెట్టె. పాటర్న్‌కీ శాంపిల్స్‌కీ గ్రేడింగ్‌కీ అయిన ఖర్చుని మొదటి దఫా ముక్కల మీద పంచాలి, మీరు వేసిన లెక్కలో అది ఎక్కడా కనపడలేదు. ఆన్‌లైన్‌లో అమ్మితే తిరిగొచ్చేవి. ఐదో వంతు తిరిగి రావడం ఆన్‌లైన్ బట్టల్లో మామూలే, కొన్నిసార్లు మూడో వంతు. వాటి రానూ పోనూ రవాణా, మళ్లీ ఇస్త్రీ, లిప్‌స్టిక్ మరక పడి అమ్మడానికి పనికిరానివి. ఆఖరిగా మీ జీతం. ఈ ఒక్క గీత కొట్టేసి లాభం చూపించే లెక్కలు నేను చాలా చూశాను.

ఇవన్నీ కలిపి ఒక డ్రెస్‌కి 100 అయిందనుకుందాం. దుకాణానికి ఇచ్చే ధర కనీసం 200, 220 ఉండాలి, దుకాణం దాన్ని మళ్లీ రెట్టింపో ఇంకాస్తో చేసి 450, 500కి అమ్ముతుంది. మీరు నేరుగా అమ్మితే కూడా ధర ఆ 450 దగ్గరే ఉండాలి. "మధ్యలో దుకాణం లేదు కదా, 220కే ఇస్తా" అంటే రెండు జరుగుతాయి: ఒకటి, దుకాణం తీసుకునే వాటాతో అది చేసిపెట్టే పనులు, అంటే జనాన్ని రప్పించడం, వేసి చూపించడం, సరుకు నిలవ పెట్టడం, ఇప్పుడు మీ నెత్తిన పడతాయి, వాటికి డబ్బుండదు. రెండు, రేపు ఏ దుకాణమైనా అడిగితే ఇవ్వలేరు, ఎందుకంటే మీ ధరే వాళ్ల కొనుగోలు ధర అయి కూర్చుంది. 450 పెడితే ఎవరూ కొనరనిపిస్తే ఆ డ్రెస్ ఖర్చు తగ్గాలి, లేదా అది మీరు చేయాల్సిన డ్రెస్ కాదు. లైనింగ్ నిజంగా కావాలా, దాచిన జిప్పు బదులు తల మీదుగా వేసుకునేలా చేయొచ్చా, ఆ వెనక కుట్టు అవసరమా అని ఒక్కో ముక్కా అడగాలి. నాకు డిజైనింగ్‌లో ముచ్చటేసే పని ఇదే నిజానికి, స్కెచ్ కన్నా.

మొదటి దఫా డబ్బు ముందే తీసుకుని, ఆర్డర్ మీద కుట్టి ఇవ్వండి. నాలుగు వారాలు పడుతుందని చెప్తే ఆగేవాళ్లు ఆగుతారు, ఆగనివాళ్లు పోతారు, పోనివ్వండి. కానీ వచ్చిన డబ్బు మీది కాదు, డ్రెస్ వాళ్ల చేతికి వెళ్లేదాకా అది వాళ్లదే. కుట్టుకీ బట్టకీ పంపడానికీ అయ్యేది వేరే ఖాతాలో పెట్టి ముట్టుకోకండి. ఇంకో మాట, కంప్యూటర్‌లో తయారుచేసిన బొమ్మ పెట్టి ఆర్డర్లు తీసుకోవడం ఈమధ్య చూస్తున్నాను, అస్సలు వద్దు. ఆ బొమ్మలో బట్ట ఎలా పడుతుందో అలా పడే బట్ట లోకంలో ఉండకపోవచ్చు. కుట్టిన శాంపిల్‌కే ఫొటో తీయండి. బట్ట కూడా మళ్లీ దొరికేదే ఎంచుకోండి. మిల్లుల్లో మిగిలిన బట్ట చవగ్గా దొరుకుతుంది, కనీస కొనుగోలు బాధ ఉండదు, కానీ డ్రెస్ బాగా అమ్ముడైన రోజున అది ఇంకో మీటరు దొరకదు. ఒక్క వస్తువు మీద నిలబడేవాళ్లకి అది మొదటికే మోసం.

పాత సరుకు గురించి. దాని విలువ సున్నా అని ముందు మనసులో రాసేసుకోండి, ఆ తర్వాత ఎంతొస్తే అంత లాభం. విడతలు విడతలుగా, కొత్త డ్రెస్ పక్కన పెట్టి తగ్గింపులో అమ్మొద్దు, కొత్తదాని ధర చూసినవాళ్లు "ఇదీ తగ్గుతుందిలే" అని ఆగిపోతారు. కొత్తది రాకముందే ఒకేసారి, ఒకే వారంలో అమ్మేసి ముగించండి. అమ్మే ముందు మడతల దగ్గర రంగు వెలిసిందేమో, సాగే బట్టల్లో ఎలాస్టిక్ గుణం చచ్చిందేమో, లోహపు కొక్కేలు తుప్పు పట్టాయేమో చూసుకోండి, ఏళ్ల తరబడి పెట్టెల్లో ఉన్నవాటికి ఇవి వస్తాయి. ఆ డబ్బు కొత్త డ్రెస్‌కి వెళ్లకూడదు, నేరుగా కుట్టు యూనిట్ బాకీకి వెళ్లాలి. యూనిట్ ఆయన రెండేళ్లుగా అడగట్లేదని రాశారు. అడగకపోవడం మర్చిపోవడం కాదు. మాస్టర్లూ కటింగ్ వాళ్లూ ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుతుంటారు, ఎవరు డబ్బు ఎగ్గొట్టారో ఈ లోకంలో అందరికీ తెలుస్తుంది. మీరే ఫోన్ చేసి, మొత్తం ఒకేసారి కుదరకపోతే నెలకింత అని తేదీతో సహా చెప్పండి, చెప్పిన తేదీకి పంపండి. మీ చేతి పని తెలిసిన యూనిట్ మళ్లీ మీతో పనిచేస్తే, చిన్న సంఖ్యలో కుట్టిచ్చేవాళ్ల కోసం ఊళ్లన్నీ తిరగక్కర్లేదు.

పేరు విషయానికొస్తే, పాత లేబుల్ మీ సొంత పేరు మీదే ఉందని రాశారు, దాని మీద చెడ్డపేరేమీ లేదు, ఒక చిన్న బాకీ తప్ప. అయితే వాడుకోండి. కానీ వాడే ముందు అది చట్టప్రకారం ఎవరి చేతిలో ఉందో చూడండి, మూసేసిన కంపెనీ పేరు మీద ట్రేడ్‌మార్క్ ఉంటే అది మీకు దానంతటదే రాదు. బట్టల పేర్లు అంతర్జాతీయ వర్గీకరణలో 25వ తరగతి కిందకి వస్తాయి, బ్యాగులు 18, అమ్మకం సేవలు 35. రిజిస్ట్రేషన్ ఉందా, గడువు తీరిందా, మధ్యలో ఇంకెవరైనా వేసుకున్నారా అన్నది వెతికితే తెలుస్తుంది. ఫాలోవర్లున్న పాత పేజీ గురించి అడిగారు, ఉంచుకోండి, దానికి అంతకన్నా ఆలోచన అక్కర్లేదు.

ఆ పెట్టుబడిదారు దగ్గర మాత్రం ఆగాలి. మీరు రాసిన షరతుల్లో "బ్రాండ్ పేరు, డిజైన్లు కొత్త కంపెనీకి చెందుతాయి" అన్న వాక్యం ఉంది. అది చదివాక నిద్ర పట్టే రకం వాక్యం కాదు. అమెరికన్ డిజైనర్ హాల్‌స్టన్ 1973లో తన వ్యాపారాన్ని పేరుతో సహా నార్టన్ సైమన్ అనే కంపెనీకి అమ్మాడు. తర్వాత ఆ కంపెనీ చేతులు మారుతూ పోయింది, 1984 కల్లా తన పేరున్న సంస్థలోంచి తనే బయటికొచ్చాడు, ఆ పేరుతో బట్టలు చేసే హక్కు మళ్లీ దక్కలేదు. బిగుతు బ్యాండేజ్ డ్రెస్సులకి పేరొందిన ఎర్వె లెజె కూడా తన లేబుల్ పోగొట్టుకుని, ఎర్వె లెరూ అనే ఇంకో పేరుతో మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. ఫ్రెంచ్ డిజైనర్ రోలాండ్ మూరే 2005లో భాగస్వాములతో విడిపోయాక కొన్నేళ్లు ఆర్ఎం అనే రెండక్షరాలతో నెట్టుకొచ్చి, 2010లో గానీ తన పేరు తిరిగి తెచ్చుకోలేకపోయాడు. వీళ్లంతా మీకన్నా నాకన్నా మంచి లాయర్లున్నవాళ్లు.

కాబట్టి ట్రేడ్‌మార్క్ మీ పేరు మీద ఉంచుకుని కంపెనీకి వాడుకునే లైసెన్సు మాత్రమే ఇవ్వండి, కంపెనీ మూతపడినా, చేతులు మారినా, మిమ్మల్ని బయటికి పంపినా ఆ లైసెన్సు రద్దయ్యేలా రాయించండి. దానికి ఆయన ఒప్పుకోకపోతే, ఆయన కొంటున్నది మీ పేరు అన్నమాట, మీ డ్రెస్ కాదు. మీ ఇంటి మీదో, మీ సొంత ఆస్తి మీదో హామీ సంతకం అడిగితే వద్దనే చెప్పండి. అసలు ఒక్క డ్రెస్‌కి, ముందు డబ్బు తీసుకుని కుట్టేదానికి, బయటి పెట్టుబడి ఎందుకు? పన్నెండు డిజైన్ల కోసం ఆయన అవసరం పడింది. పన్నెండు పోతే ఆయనా పోతాడు. ఎప్పుడో మీ దగ్గర ఒక ఏడాది అమ్మకాల లెక్క చేతిలో ఉన్నప్పుడు మళ్లీ కూర్చుంటే, అప్పుడు షరతులు చెప్పేది మీరవుతారు.

ఉద్యోగం ఇప్పుడే మానొద్దు. మొదటి దఫా, రెండో దఫా రెండూ పూర్తిగా తిరిగి డబ్బు చేతికొచ్చి, అందులో మీ జీతం గీత కూడా ఉండి, మూడో దఫాకి బయటి నుంచి రూపాయి తేవక్కర్లేదని లెక్కలో తేలినప్పుడు మానండి. అప్పటిదాకా వారానికి రెండు సాయంత్రాలు, ఒక ఆదివారం చాలు, ఒక్క డ్రెస్సే కాబట్టి. నెమ్మదిగా సాగుతుంది, విసుగు కూడా వస్తుంది, ఇంట్లోవాళ్లు ఇంకా అదేనా అంటారు.

మీరు రాయని సంగతి ఒకటి అడుగుతాను. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం కూడా బట్టల కంపెనీలోనేనా? అయితే మీ నియామక పత్రం తీసి చదవండి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మీరు చేసే డిజైన్లన్నీ కంపెనీవే అనే షరతు, ఆఫీసు సమయంలో చేసినా ఇంట్లో చేసినా అని, చాలా ఒప్పందాల్లో ఉంటుంది, మానేశాక కొన్నాళ్లు అదే రకం వ్యాపారం చేయకూడదనే షరతు కూడా ఉండొచ్చు. అవి ఉంటే మొదటి స్కెచ్ గీయకముందే రాతపూర్వకంగా అనుమతి అడగాలి, ఆఫీసు కంప్యూటర్‌లో ఒక్క ఫైలు కూడా పెట్టకూడదు. ఆ పత్రంలో ఏముందో రాయండి, అలాగే పాత ఆర్డర్లలో రెండుసార్లు కొన్నవాళ్లు ఏది ఎక్కువ కొన్నారో కూడా. ఆ డ్రెస్ కాస్టింగ్ కాగితం పంపితే గీత గీతా చూసి చెప్తాను.